సజ్జమీది జంట స్పీకర్లు

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల పాత యిండ్లలో దసరాకు ముందు సజ్జలు దులుపునపుడు ఇత్తడి బిందెలు, విరిగిన ఉయ్యాల కొయ్యలు, పెండ్లినాటి ట్రంకుపెట్టెలు మాత్రమే బయటపడవు. వానితోపాటు తరచుగా రెండు కొయ్యపెట్టెలు కూడ దొరకును. రెండును ఒకే కొలత, ఒకే రూపు. ముందువైపు నల్లని గుడ్డ. వెనుకవైపు ఎర్రది యొకటి, నల్లది యొకటి చిన్న బిగింపులు. నేటి పిల్లలకు అవి యేమో తెలియదు. తెలిసిన పెద్దలు “అవి పలుకవు” అని ఒక్క మాటలో తేల్చివేయుదురు. తరువాతి కథ పాత సామానుల బండివానిది. అతడు వానిని తూకమునకు తీసికొనును. ఇనుమునకొక ధర, రాగితీగకొక ధర కట్టును. కొయ్యకు ధరయే లేదు.

ఆ పెట్టెలు స్టీరియో స్పీకర్లు. ధ్వనికి రెండు పెట్టెలు ఏల కావలసివచ్చెను, ఆ జంట ఇంత దూరపు పట్టణములోని సజ్జమీదికి ఏ దారిని చేరెను, మూగవోయిన వానిని గుర్తించి తిరిగి పలికించుట యెట్లు అను మూడు విషయములను ఇక్కడ మనవి చేసెదను.

కొంతకాలము క్రిందట మెట్‌పల్లిలో మా మేనమామగారి యింట ఈ ప్రశ్నలు నాకు ఎదురయ్యెను. గడపలో రెండు స్పీకరు పెట్టెలు, వానితో వచ్చిన టేపురికార్డరు, ఒక బిస్కత్తుల డబ్బానిండ క్యాసెట్లు బండివానికొరకు సిద్ధముగా నుండెను. “గవి పలుకక ఇరువై ఏండ్లాయె అల్లుడా. సామాన్లోనికి ఏసెయ్యుమని చెప్పిన” అనెను మామ. ఆయన 1978లో దుబాయికి పోయి, నిర్మాణపు పనులలో ఏండ్ల తరబడి శ్రమించి తిరిగివచ్చినవాడు. ఆ పెట్టెలను అచ్చట కొని, బొంబాయి మీదుగా ఇంటికి మోసికొని వచ్చినవాడును ఆయనయే. మోసిన చేతులే పారవేయుమనుచున్నవి. బండివానిని మరునాడు రమ్మని పంపివేసితిమి.

ముందుగా స్పీకరు పుట్టుక చెప్పవలెను. అయస్కాంతముయొక్క బలము వ్యాపించియున్న చోట ఒక తీగచుట్టను వ్రేలాడదీసి, దానిలో విద్యుత్తును ప్రవహింపజేసినచో ఆ చుట్ట ముందువెనుకలకు కదలును. ఈ ఏర్పాటును జర్మనీ దేశస్థుడగు వెర్నర్ సీమెన్స్ 1874లోనే వర్ణించెను. కాని దానితో మాటను వినిపింపగల సాధనసంపత్తి ఆనాటికి లేదు. 1915లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డెన్మార్కు దేశమునుండి వచ్చిన పీటర్ జెన్సెన్, అతని సహచరుడు ఎడ్విన్ ప్రిదమ్ అట్టి చుట్టకు గొట్టమును తగిలించి, బహిరంగసభలలో వేలమందికి వినబడునట్లు చేసిరి. తమ యంత్రమునకు వారు మాగ్నవాక్స్ అని పేరిడిరి. లాటిను భాషలో ‘గొప్ప గొంతు’ అని దాని యర్థము. గొట్టమును తీసివేసి, దాని స్థానమున కాగితపు కోనును నిలిపినవారు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారి పరిశోధన 1925లో వెలువడెను. నేడు మన యిండ్లలో పలుకుచున్న స్పీకర్లలో అత్యధికము ఆనాటి నిర్మాణమునకు సంతానమే: వెనుక అయస్కాంతము, నడుమ తీగచుట్ట, ముందు కోను, కోను అంచును చట్రమునకు కలుపు మెత్తని పట్టీ. ఈ నాలుగింటిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. స్పీకరు వ్యాధులన్నియు ఈ నాలుగు చోట్లను, దానికి చేరు తీగలలోను ఉండును.

ఒక్క స్పీకరు పలుకుచుండగా రెండవది యేల? మనకు చెవులు రెండుండుటయే దీనికి కారణము. కుడివైపున గంట మ్రోగినచో ఆ ధ్వని కుడిచెవికి ముందుగాను, ఎడమచెవికి కొంచెము ఆలస్యముగాను చేరును. ఆ ఆలస్యము సెకండులో వెయ్యవవంతుకంటెను తక్కువ. ఐనను మన మెదడు దానిని పసిగట్టి, గంట ఏ దిక్కున నున్నదో చెప్పును. ఒక్క పెట్టెనుండి వచ్చు ధ్వనికి ఈ దిక్కు లేదు. వేదికపై పదిమంది పాడినను ఆ పదిమందియు ఒక్క రంధ్రమునుండియే వచ్చుచున్నట్లు తోచును.

1881లో పారిస్ నగర విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆడెర్ అను ఇంజనీరు నాటకశాల వేదికపై టెలిఫోను గ్రాహకములను జంటలుగా నమర్చి, దూరముననున్న శ్రోతల రెండు చెవులకు రెండు తీగలద్వారా ఆ గానమును పంపెను. గాయకులు వేదికపై నటునిటు నడచుట శ్రోతలకు వినబడెను. ఇది జంటధ్వనికి తొలి అడుగు. దానికి శాస్త్రరూపము నిచ్చినవాడు అలన్ బ్లుమ్లీన్ అను ఆంగ్లేయుడు. సినిమాతెరపై నటుడు ఒక మూలనుండి మరొక మూలకు పోవుచుండగా గొంతు మాత్రము ఉన్నచోటనే యుండుట ఆయనను కలవరపరచెనని చెప్పుకొందురు. 1931 డిసెంబరులో ఆయన దాఖలుచేసిన పేటెంటు దరఖాస్తులో రెండు మైకులు అమర్చు పద్ధతి, ఒక్క రికార్డు గాడిలోనే రెండు ధ్వనులను చెక్కు ఉపాయము మున్నగునవి యెన్నియో కలవు. దాని ఫలము జనసామాన్యమునకు అందుటకు పాతికయేండ్లు పట్టెను. బ్లుమ్లీన్ దానిని చూడలేదు. 1942 జూనులో రాడారు పరీక్షకై పోవుచున్న విమానము కూలి మరణించెను. స్టీరియో రికార్డులు అంగళ్లకు వచ్చినది 1958లో. అమెరికాలో ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారములు మొదలైనది 1961 జూనులో. స్టీరియో అను పదము గ్రీకుభాషనుండి వచ్చినది. ‘ఘనమైనది’ అని దాని యర్థము. పటమువలె బల్లపరుపుగా గాక, ముందు వెనుకలు కలిగియుండు ధ్వని యని భావము.

మన ప్రాంతమున మాత్రము చాలకాలము ఒంటిధ్వనియే రాజ్యమేలెను. హైదరాబాదు సంస్థానమున డెక్కన్ రేడియో 1935లో ప్రసారముల నారంభించెను. 1950లో ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరెను. ఆంధ్రప్రాంతమున విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. ఖద్దరునకును, పసుపునకును పేరుగన్న మెట్‌పల్లిలో రేడియోగల యిల్లు ఆ రోజులలో వీధికొక్కటి యుండుట గొప్ప. పంచాయతీ రేడియో చుట్టు నిలిచి వార్తలు వినుట, కల్యాణములకు మైకుసెట్టు పెట్టుట, ఇవియే ఊరివారికి తెలిసిన స్పీకర్లు. మీడియంవేవుపై మా ఆకాశవాణి వినిపించిన వార్తలు, పాటలు, నాటకములు అన్నియు ఒక్క గొంతుతోనే వెలువడెను. మనదేశమున ఎఫ్.ఎం. ప్రసారమునకు మద్రాసులో శ్రీకారము చుట్టినది 1977 జూలైలో. ఆదిలాబాదు ఆకాశవాణి కేంద్రము 1986లో ఏర్పడెను.

కనుక మెట్‌పల్లికి స్టీరియో రేడియోద్వారా రాలేదు, ఎడారిదారిని వచ్చెను.

ఉత్తర తెలంగాణము వలసలకు క్రొత్తది కాదు. వానలు కురియని యేండ్లలో ఇచ్చటివారు బొంబాయికి పోవుదురు. నేతగాండ్రు షోలాపురమునకు, భివండికి పోయి మగ్గములపై పనిచేయుదురు. 1973 అక్టోబరు యుద్ధము తరువాత కొద్ది నెలలలో ముడిచమురు ధర సుమారు నాలుగురెట్లయ్యెను. పారసీక సింధుశాఖ తీరమున రోడ్లు, రేవులు, భవనములు లేవసాగెను. వానిని కట్టుటకు చేతులు కావలసివచ్చెను. బొంబాయి దారి తెలిసిన కరీంనగరు, నిజామాబాదు జిల్లాలవారికి దుబాయి, కువైటు, సౌదీ అరేబియా దారులు కూడ క్రమముగా తెలిసెను. ఇంటికొకడు పోయిన వీధులు, పురుషులే కనబడని పల్లెలు ఆ తరమునకు చిరపరిచితములు.

సెలవుపై వచ్చువారి సామానులో సెంటుసీసా, దుప్పటి, గడియారము, టార్చిలైటు తప్పనిసరి. వానికి పైమెట్టు టూ-ఇన్-వన్. అనగా రేడియో, టేపురికార్డరు ఒక్కటిగా నున్న పెట్టె. ఇంకను మిగుల్చుకొనగలిగినవాడు విడి స్పీకర్లుగల స్టీరియో సెట్టును తెచ్చెడివాడు. నేషనల్ పానాసోనిక్, షార్ప్, సాన్యో, సోనీ, ఆకాయ్ మున్నగు జపాను పేర్లు పలుకుట పలక పట్టని ముసలమ్మలకు కూడ వచ్చెను. మనదేశమున ఆనాటి దిగుమతి నిబంధనలు కఠినములు, సుంకములు భారములు. గల్ఫునుండి వచ్చువాని చేతిసామానుగా తప్ప అట్టి వస్తువు మనవీధికి వచ్చుట అరుదు.

ఫిలిప్స్ సంస్థ 1963లో వెలువరించిన చిన్న క్యాసెట్టు ఈ వలసకు గొంతు నిచ్చెను. చదువు రానివారికి ఉత్తరము వ్రాయించుకొనుట యొక బాధ, చదివించుకొనుట మరొక బాధ. అన్నియు పరాయివాని నోట వినవలెను. క్యాసెట్టు ఆ బాధను తీర్చెను. దుబాయిలో గదినిండ కూర్చుండి ఒకడు మాటలాడును. ఆ క్యాసెట్టును ఊరికి పోవువాని చేతికిచ్చి పంపును. ఇంటివారు విని, మరొక దానిలో తమ మాటలు నింపి తిరిగి పంపుదురు. టెలిఫోను పిలుపు పండుగవలె అరుదైన ఆ రోజులలో సంసారము లెన్నియో ఈ టేపులమీద నడచెను.

ఇక గుర్తించు విధము చెప్పెదను. స్పీకరు పెట్టె వెనుక సాధారణముగా ఒక చీటీ యుండును. దానిపై మూడు సంగతులు చూడవలెను: చేసిన దేశము, ఓములు, వాట్లు. ఓములు 4, 6, 8 లలో ఏదో యొకటిగా నుండును. యాంప్లిఫయరు వెనుక ‘8 ఓములు’ అని యుండగా 4 ఓముల స్పీకరును తగిలించినచో విద్యుత్తు అధికముగా లాగి యాంప్లిఫయరు వేడెక్కును. చీటీ ఊడిపోయినను భయము లేదు. మల్టీమీటరుతో రెండు బిగింపుల నడుమ కొలిచినచో 8 ఓముల స్పీకరు సుమారు 6 చూపును. 4 ఓములది 3కు కొంచెము పైగా చూపును. మీటరు ఏమియు చూపనియెడల తీగ తెగియుండును. అది లోపలి చుట్టయే కానక్కరలేదు. చాలసార్లు బిగింపువద్ద ఊడిన టంకమే యగును.

పెట్టె విప్పినచో అయస్కాంతము వయస్సు చెప్పును. చిన్నగా, ఎత్తుగా, ఇనుపగిన్నెలో కూర్చినట్లుండునది ఆల్నికో. అల్యూమినియము, నికెలు, కోబాల్టుల మిశ్రమము. వెడల్పుగా, నల్లని గారెవలె చట్రము వెనుక అంటియుండునది ఫెర్రైటు. 1978లో ఆఫ్రికాలోని జయీరు దేశపు గనిప్రాంతమున కల్లోలము చెలరేగి కోబాల్టు ధర ఆకసము నంటెను. అంతకు ముందే చౌకగా లభించుచుండిన ఫెర్రైటు వైపు స్పీకరు చేయువారు మరింత వేగముగా మరలిరి. కావున ఆల్నికో అయస్కాంతముగల జంట దొరికినచో అది బహుశః ఆ కాలమునకు ముందుదని ఊహింపవచ్చును. అమెరికాలో చేసిన స్పీకర్ల చట్రముపై అచ్చొత్తిన అంకెలలో మొదటి మూడు తయారీదారును, తరువాతివి సంవత్సరమును, వారమును తెలుపు పద్ధతి కూడ కలదు.

మామగారి స్పీకర్ల వెనుక చీటీ చెదరలేదు: జపాను, 8 ఓములు. అయస్కాంతము ఫెర్రైటు. మీటరు రెండింటిలోను 6కు దగ్గరగా చూపెను. అనగా గొంతు తెగలేదు. మరి పలుకకుండుట కేమి కారణము? ముందరి గుడ్డను ఊడదీసినంతనే తెలిసెను. కోను చుట్టు ఉండవలసిన మెత్తని ఫోము పట్టీ వ్రేలితో తాకగానే బూడిదవలె రాలెను. ఎలుకలు కొరికినవని మామ అనుకొనెను. ఎలుక పాపమేమియు లేదు. ఆ ఫోము గాలిలోని తేమవలనను, వెలుతురువలనను పది యిరువది యేండ్లలో తనంతట తానే జీర్ణించును. స్పీకరును వాడినను, వాడక దాచినను ఫలమొకటియే. రబ్బరు పట్టీ ఇంకను ఎక్కువకాలము మన్నును. గుడ్డతోనో, ముడతలు పెట్టిన కాగితముతోనో చేసిన పట్టీ యభైయేండ్లైనను నిలుచుట కలదు.

ఇచ్చటనే పలువురు పొరపాటు చేయుదురు. పట్టీ పోయినదని స్పీకరు మొత్తమును మార్చివేయుదురు. లేదా కోనుకు గట్టిజిగురు, అట్టముక్క అంటింతురు. రెండును కూడవు. కోను, చుట్ట, అయస్కాంతము ఆ స్పీకరుయొక్క స్వరము. అవి బాగున్నంతవరకు వానిని తాకరాదు. నశించినది పట్టీ మాత్రమే, మార్చవలసినదియు అదియే. క్రొత్త పట్టీ కొనుటకు ముందు కోను వ్యాసమును, చట్రము వ్యాసమును వేరువేరుగా కొలువవలెను. పాత జిగురును ఓపికతో గీకి తీయవలెను. ఎండిన పిమ్మట కూడ మెత్తగా నుండు జిగురునే వాడవలెను. జిగురు ఆరకముందే కోనును నాలుగువైపుల సమానముగా నొక్కి వదలి చూడవలెను. గరగరమను చప్పుడు వినబడినచో చుట్ట అయస్కాంతమునకు ఒరయుచున్నదని యర్థము. వెంటనే సవరింపనియెడల ఆ ఒరపిడి చుట్టను తినివేయును.

రెండవ వ్యాధి కండెన్సరుది. పెట్టెలో పెద్ద స్పీకరుతోపాటు సన్నని ధ్వనులకు చిన్న ట్వీటరు ఉండును. మంద్రధ్వనులు దానిని చేరి చెడగొట్టకుండ నడుమ ఒక కండెన్సరు కావలియుండును. ఏండ్లు గడచిన కొలది దానిలోని ద్రవ్యము ఎండి, విలువ మారును. అప్పుడు తాళముల మెరపు, ‘స’కారపు స్పష్టత తగ్గును. దానిపై వ్రాసియున్న మైక్రోఫారడు విలువ గలదానినే, ధన ఋణ భేదము లేని రకమునే వేయవలెను. మామగారి పెట్టెలలో ఒకదానికి ఈ మార్పు కావలసివచ్చెను.

మూడవది దిక్కు తప్పుట. జంటలో ఒక స్పీకరు కోను ముందుకు వచ్చునపుడు రెండవదియు ముందుకే రావలెను. ఎరుపు నలుపు తీగలు ఒకచోట తారుమారైనచో ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు పోవును. అప్పుడు మంద్రధ్వని రెండింటినడుమ చచ్చును. పరీక్ష సులభము. యాంప్లిఫయరునుండి తీగలను విడదీసి, ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీ ధనాగ్రమును ఎర్ర బిగింపునకు, ఋణాగ్రమును నల్ల బిగింపునకు ఒక్క క్షణము తాకించి తీసివేయవలెను. పెద్ద కోను ముందుకు ఉబికిన సరియే. క్షణముకంటె ఎక్కువ పట్టియుంచరాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది వేరొకటి కలదు. అది స్పీకరులో గాక సెట్టులో నుండును. జపానులో ఇంటి విద్యుత్తు 100 వోల్టులు. సౌదీ అరేబియాలో ఆనాడు 127 వోల్టులు పలుచోట్ల వాడుకలో నుండెను. మనకు 230. కనుక గల్ఫు బజారులలో అమ్మిన సెట్లలో పెక్కింటికి వెనుక వోల్టేజి మార్చు చిన్న మీట యుండెను. సజ్జమీదినుండి దింపిన ఉత్సాహములో ఆ మీటను చూడక ప్లగ్గు పెట్టినచో ఒక్క క్షణములో పొగ వచ్చును. మా దగ్గరి బంధువుల యింట ఒక మంచి సెట్టు ఇట్లే కాలిపోయెను. మీట 110 వద్ద నుండెను. చూచుటకు అరనిమిషము చాలును. మీట సరిగా నున్నను, ఏండ్లతరబడి నిద్రించిన సెట్టును నేరుగా వెలిగింపరాదు. మెకానిక్కులు వాడు సీరీసు బోర్డులో 60 లేక 100 వాట్ల తీగబల్బును నడుమ నుంచి వెలిగింతురు. బల్బు ఒక్కసారి మెరసి మందగించినచో క్షేమము. నిండుగా వెలుగుచునే యున్నచో లోపల దోషము కలదు. ఈ పని తెలిసినవారిచేతనే చేయింపవలెను. ప్లగ్గు తీసిన పిమ్మట కూడ పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును.

మెట్‌పల్లి బజారులో ఒకప్పుడు రేడియోలు బాగుచేసి, నేడు సెల్‌ఫోనులు బాగుచేయుచున్న ఒక పెద్దమనిషి ఈ పనికి ఒప్పుకొనెను. టంకము వేయు చేయి మరువలేదు. ఫోము పట్టీలు బయటినుండి తెప్పించుటకు వారము పట్టెను. టేపురికార్డరులో సాగిపోయిన రబ్బరు బెల్టును మార్చి, హెడ్డును స్పిరిటుతో తుడిచిరి. ఖర్చు బండివాడు ఇచ్చునన్న ధరకు చాల ఎక్కువ. క్రొత్త సెట్టు ధరకు చాల తక్కువ.

ఇప్పుడు బిస్కత్తుల డబ్బా సంగతి. అందులో పాటల క్యాసెట్లు పదునాలుగు. చేతివ్రాతగల క్యాసెట్లు మూడు. ఆ మూడింటిలో ఒకదానిపై ‘అమ్మ’ అను ఒక్క మాట. అది 1982లో మా అమ్మమ్మ మెట్‌పల్లిలో మాటలాడి దుబాయికి పంపిన క్యాసెట్టు. మామ దానిని అచ్చట విని, తిరిగి వచ్చునపుడు వెంట తెచ్చికొనెను. అమ్మమ్మ గతించి ముప్పదియేండ్లు దాటెను. ఆమె గొంతు మరెక్కడను లేదు. ఫొటోలు మాత్రము రెండు కలవు. సామానులవానికి సిద్ధముచేసిన డబ్బాలో నుండినది అది.

అట్టి క్యాసెట్టును బాగుచేసిన యంత్రములో మొట్టమొదట పెట్టరాదు. ముందుగా పోయినను ఫరవాలేని పాటల క్యాసెట్టును రెండుపక్కల నడిపించి, టేపు నలుగుట లేదని తేల్చుకొనవలెను. టేపును హెడ్డునకు ఆనించు చిన్న ఫెల్టుముక్క లోపల ఊడినదేమో చూడవలెను. ఊడినచో టేపును మరొక మంచి డబ్బాలోనికి మార్చవచ్చును. పెన్సిలుతో మెల్లగా ఒకమారు ముందుకును వెనుకకును చుట్టి, అంటుకొనిన పొరలను విడదీయవలెను. మొదటిసారి వినిపించునపుడే దానిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను; రెండవసారి అవకాశము ఉండునో లేదో. ఇవన్నియు చేసితిమి.

జంట స్పీకర్లను గోడవారగా ఐదడుగుల ఎడముతో నుంచితిమి. రెండింటికి సమదూరమున, వానితో త్రిభుజమగునట్లు మామను కూర్చుండబెట్టితిమి. జంటధ్వని వినుటకు అదియే సరియైన స్థానము. ఆ క్యాసెట్టు మాత్రము జంటధ్వనిది కాదు. ఇంటిలోని తొలి టూ-ఇన్-వన్ ఒంటిధ్వని సెట్టు. అమ్మమ్మ దాని ముందే మాటలాడెను. ఇచ్చట ఫిలిప్స్ వారి ముందుచూపును మెచ్చుకొనవలెను. ఒంటిధ్వని గీత పట్టు వెడల్పులోనే స్టీరియోయొక్క రెండు గీతలు ఇమిడియుండునట్లు వారు టేపును విభజించిరి. కనుక ఒంటిధ్వని క్యాసెట్టును స్టీరియో సెట్టులో నుంచినచో ఒకే ధ్వని రెండు స్పీకర్లలోను సమానముగా పలుకును. అప్పుడు వినువానికి ఆ ధ్వని కుడిపెట్టెలోను ఉండదు, ఎడమపెట్టెలోను ఉండదు. రెండింటి నడుమ, ఏమియు లేని చోటినుండి వచ్చుచున్నట్లుండును. స్పీకర్ల తీగలు సరిగా నున్నవనుటకు ఇదియే గురి. ఒకటి తారుమారైనచో ఆ గొంతు నడుమ నిలువక గదియంతటను చెదరిపోవును. అందుచేత, పాఠకులు తమ జంటను పరీక్షించుటకు స్టీరియో పాటలకొరకు వెదకనక్కరలేదు. ఒంటిధ్వనిలో రికార్డయిన పాత పాట యేదైనను చాలును.

కొంతసేపు టేపు రొద మాత్రమే వినవచ్చెను. పిమ్మట ఎక్కడనో కోడి కూసెను. ఎవరో “మాట్లాడు, మాట్లాడు” అనిరి. అంతట గోడముందర, రెండు పెట్టెల నడుమనున్న ఖాళీలో అమ్మమ్మ గొంతు నిలిచెను: “డబ్బులు ముట్టినయి కొడుకా. పసుపు ఉడుకబెట్టినం. బర్రె ఈనింది. మేమంత మంచిగనే ఉన్నం. నువ్వు పైలం.” మామ స్పీకర్లవైపు చూడలేదు, ఆ నడుమనున్న ఖాళీవైపు చూచుచుండెను. టేపు ముగిసిన తరువాత ఆయన అడిగినది ఒక్కటే: “ఇంకోపాలి పెట్టరాదు అల్లుడా.”

ఆ రోజులలో మన జిల్లాలలోని వేలకొలది యిండ్లకు ఇట్టి సెట్లు వచ్చినవి. అవి ధనికుల విలాసవస్తువులు కావు. పరాయిదేశపు ఎండలో చేసిన పని గంటలు ఆ కొయ్యలో, ఆ రాగితీగలో ఉన్నవి. ఆ వలసల చరిత్రను గ్రంథములలో వ్రాయువారు లెక్కలు వ్రాయుదురు. పోయినవారి గొంతులు మాత్రము సజ్జలమీది క్యాసెట్లలో నున్నవి, అవి పలుకవలసిన స్పీకర్లు వాని ప్రక్కనే యున్నవి. అయస్కాంత టేపు శాశ్వతము కాదు. తేమ, బూజు, వేసవి వేడి ఏటేట కొంత మాటను తుడిచివేయుచుండును.

కాబట్టి ఈసారి సజ్జ దులుపునపుడు జంట పెట్టెలు కనబడినచో మూడు పనులు చేయుడు. ముందుగా చీటీ చదువుడు. తరువాత ముందరి గుడ్డను తొలగించి పట్టీని చూడుడు. తెలిసినవారు చూచువరకు ప్లగ్గు పెట్టకుడు. దాని ప్రక్కన డబ్బా యేదైన నున్నచో మూతతీసి, అందులో చేతివ్రాతగల క్యాసెట్లను వేరుగా నుంచుడు. బండివాడు మరల వచ్చును. వానికిచ్చుటకు ఇంటిలో ఇతర వస్తువులు చాల కలవు.